కల్వర్టు మీద నిలబడి రాసిన వార్త

1981 మార్చి. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. జహీరాబాద్ బస్టాండుకు దగ్గర్లో ఒక రేకుల గదిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవాణ్ణి. ఐదు ఇంగ్లీషు మిషన్లు, ఒక తెలుగు మిషన్. పొద్దునా సాయంత్రమూ టైపు నేర్పడం, మధ్యాహ్నం ఒక తెలుగు దినపత్రికకు వార్తలు రాయడం. మా వృత్తిలో అలాంటివాణ్ణి స్ట్రింగర్ అంటారు. ఆఫీసు ఉద్యోగి కాదు. పత్రిక ఒక కార్డు ఇస్తుంది, ఊళ్ళో జరిగింది మనం రాసి పంపాలి. ఆ కార్డును నేను చొక్కా జేబులోంచి సగం బయటికి కనబడేలా పెట్టుకునేవాణ్ణి. పూర్తిగా లోపల పెట్టుకునేదానికి కార్డెందుకు అని నా వాదన.

వార్త పంపడం ఇప్పటిలా కాదు. కాగితానికి ఒకవైపే రాసి, కవర్లో పెట్టి, పైన ఎర్రసిరాతో 'ప్రెస్ - అర్జెంట్' అని రాసి, మూడున్నరకు హైదరాబాద్ పోయే బస్సు కండక్టరు చేతికివ్వాలి. అక్కడ మా ఆఫీసు మనిషి వచ్చి తీసుకుంటాడు. మూడున్నర దాటిందా, ఆ రోజుకు నువ్వు విలేకరివి కావు, ఉత్త టైపు మాస్టారువే. ఆ బస్సు మా నెత్తిన ఎంతగా కూర్చునేదంటే, ఏ సంఘటన జరిగినా ముందు గడియారం చూసేవాళ్ళం, తర్వాతే మనుషుల్ని చూసేవాళ్ళం.

రాయడం నాకెవరూ నేర్పలేదు. పత్రికలు చదివి నేనే నేర్చుకున్నాను. నా దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. అందులో రోడ్డు ప్రమాదాలకు ఒక పేజీ, అగ్నిప్రమాదాలకు ఒక పేజీ, నాయకుల మరణాలకు ఒక పేజీ. పత్రికల్లో కనబడ్డ గట్టి మాటలన్నీ ఏరి ఆ పేజీల్లో రాసుకునేవాణ్ణి. పేదల వాడలకూ ఒక పేజీ ఉంది: మురికికూపం, నరకకూపం, రోగాల పుట్ట, ముక్కుపుటాలు పగిలే దుర్గంధం, పందులతో సహజీవనం, దుర్భరం, దయనీయం, వర్ణనాతీతం. వర్ణనాతీతం అని రాసి ఆ తర్వాత పది వాక్యాలు వర్ణించడం మాకు మామూలే. సంగారెడ్డిలో ఉండే మా జిల్లా విలేకరి ఒకసారి నాతో అన్నాడు: "బస్తీ మీద రాస్తే ఇంట్రోలోనే చదివేవాడు ముక్కు మూసుకోవాలె. లేకుంటె డెస్కోళ్ళు పక్కకు పడేస్తరు." ఇంట్రో అంటే వార్త మొదటి పేరా. డెస్క్ అంటే ఆఫీసులో కూర్చుని మా రాతలు దిద్ది, శీర్షికలు పెట్టేవాళ్ళు. మాలో ఒక్కరం కూడా వాళ్ళ మొహాలు చూసి ఎరగం.

ఆ మార్చిలో డెస్క్ నుంచి పోస్టుకార్డు వచ్చింది. ఎండాకాలం ముంచుకొస్తోంది, మీ ఊరి బస్తీల దుస్థితి మీద ఒక ఐటమ్ పంపండి అని. కార్డు నా చేతికి అందేసరికి మధ్యాహ్నం రెండున్నర. సైకిలెక్కి, హైవే మీద చిరాగ్‌పల్లి వైపు ఊరు దాటే చోట ఉన్న ఒక వాడకు పోయాను. పోయాను అంటున్నాను గానీ, రోడ్డు మీది కల్వర్టు దగ్గరే సైకిల్ ఆపాను. కిందికి చూస్తే నలభై ఇళ్ళు. ఇళ్ళ మధ్య దారి పొడుగునా ఎర్రగా, చిక్కగా నీళ్ళు నిలిచి ఉన్నాయి. వాటిలో కాళ్ళు పెట్టి పిల్లలు ఆడుతున్నారు. రెండు పందులు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఒక రకమైన ఘాటు వాసన ముక్కుకు తగిలింది. చాలనుకున్నాను. కల్వర్టు గోడ మీద కాగితాలు పెట్టుకుని, పది నిమిషాల్లో రాసేసి, మూడున్నర బస్సుకు అందించాను.

నోటుపుస్తకంలోని ఆ పేజీ మొత్తం వాడాను. "ఇది మనుషులు బతికే చోటా, నరకకూపమా?" అని మొదలుపెట్టి, "మోకాలి లోతు మురుగులో మునిగిన ఈ రోగాల పుట్ట నుంచి ఏ క్షణాన కలరా పడగ విప్పుతుందో" అని ముగించాను. కలరా అన్న మాట నాతో ఎవ్వరూ అనలేదు. వాక్యం చివర బరువు తక్కువైనట్టు అనిపించి పెట్టాను.

బుధవారం అచ్చయింది. బాక్సులో వేశారు, అంటే చుట్టూ గీత గీసి కంటికి ఆనేలా. శీర్షిక 'రోగాల పుట్ట'. ఆ రోజు పొద్దున బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో నా టీ కప్పు సాసర్లో నిలవలేదు, నేను అంతగా ఉబ్బిపోయాను. ఆ హోటల్లో నర్సింలు మామ అని రిటైరైన కచేరీ గుమాస్తా ఒకాయన రోజూ పేపరు పైకి చదివేవాడు. చదువురాని రైతులూ, లారీ డ్రైవర్లూ, కోహీర్ నుంచి, రాయికోడ్ నుంచి పనుల మీద వచ్చినవాళ్ళూ చుట్టూ చేరి వినేవాళ్ళు. ఆయనది కోర్టులో సాక్షిని పిలిచిన గొంతు. 'కలరా' అన్న మాట దగ్గర ఆయన ఆగి, కళ్ళద్దాలు సర్దుకుని, మళ్ళీ చదివాడు. విన్నవాళ్ళలో ఒకాయన టీ సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. ఆయన ఆ వాడ పక్కన పొలం ఉన్న శివరాజ్ పటేల్. లేచిపోవడం చూశాను, ఎందుకో ఆలోచించలేదు.

శుక్రవారం టైపు క్లాసు నడుస్తుండగా యాభై దాటిన ఒకామె గుమ్మం బయట నిలబడింది. పేరు రత్నమ్మ. పనులకు పోయే మనిషి, కాళ్ళకు ఎర్రమట్టి. లోపలికి రమ్మన్నా రాలేదు.

"పేపర్ల రాసేది నువ్వేనా సారూ?"

అవునన్నాను. ఏదో అర్జీ తెచ్చిందనుకున్నాను.

"మా గల్లీల రోగం ఉన్నదని రాసినవట. పటేలు బాయికి ముండ్లకంప కొట్టి తాళం ఏసిండు. మూడు దినాలాయె. మోటరు కాడికి పోతె కట్టె పట్టుకొని ఎల్లగొడ్తున్రు. ఊర్ల నల్లకాడికి పోతె ఆడోళ్ళు బిందెలు ముట్టనిస్తలేరు. మాకు ఏ రోగం లేదు సారూ. ఎవరు జెప్పిన్రు నీకు?"

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికయ్యేది. ఎవరో చూస్తారేమో అన్నట్టు వెనక్కి తిరిగి చూసుకుంటూ మాట్లాడింది.

"మరి నీళ్ళెట్ల?" అని అడిగాను.

"ఎర్రరాయి తీసిన గుంత ఉన్నది గద, గాడికి పోతున్నం. పచ్చగున్నయ్ నీళ్ళు. గుడ్డ ఏసి వడగట్టి తాగుతున్నం. మా మనుమరాలు ఆరేండ్ల పొల్ల, తాగనని ఏడుస్తది. జర వచ్చి చూసి పో సారూ. రోగం లేదని పటేలుకు ఒక్క మాట చెప్పు."

"రేపొస్త" అన్నాను.

ఇక్కడొక నిజం చెప్పాలి. రేపు నేను పోలేదు. ఎల్లుండి కూడా పోలేదు. పనుంది అనుకున్నాను, పరీక్షలు దగ్గర పడ్డాయి అనుకున్నాను. అసలు సంగతి ఏమిటంటే నాకు భయమేసింది. ఆ వాడలోకి అడుగుపెడితే నాకేదైనా అంటుకుంటుందేమోనని. కలరాను వాక్యం బరువు కోసం పెట్టినవాణ్ణి నేనే. అది అచ్చులో చూసేసరికి నేనూ నమ్మేశాను. మా ఇంట్లో రెండేళ్ళ పాప ఉంది, పేరు లత. దాన్ని ఎత్తుకోబోయే ముందు చేతులు కడుక్కోవడం కూడా మొదలుపెట్టాను.

ఆదివారం మా పత్రిక సాహిత్య పేజీలో ఒక విమర్శకుడు తన కాలమ్ చివర నన్ను మెచ్చుకున్నాడు. మారుమూల విలేకరి కలంలోంచి ఇంత నిఖార్సైన దుర్గంధం వినబడటం తెలుగు వచనానికి మంచి శకునమట. జీవితపు అడుగుమడ్డిని నిర్భయంగా తవ్విందట నా వచనం. దుర్గంధం వినబడటం ఏమిటో నాకు అర్థం కాలేదు గానీ ఆ కటింగు కత్తిరించి దాచుకున్నాను. ఆయన కథల పుస్తకాల మీద రాసినప్పుడు కూడా ఇవే మాటలు వాడేవాడు. మురికి, చీము, కుళ్ళు, అడుగుమడ్డి. ఎంత కుళ్ళుంటే అంత నిజాయితీ అని ఆయన లెక్క. ఆయన హైదరాబాద్‌లో కుర్చీలో కూర్చుని నా వాసన చూశాడు, నేను కల్వర్టు మీద నిలబడి వాడ వాసన చూశాను. ఇద్దరం లోపలికి పోలేదు.

సోమవారం పొద్దున మాత్రం పోయాను. ఆ విమర్శకుడు వాడిన 'నిర్భయంగా' అన్న మాట నాకు గుచ్చుకుంది.

కల్వర్టు దిగి ఆ ఎర్రనీళ్ళ దగ్గరికి వచ్చేసరికి అడుగు పడలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని, ఊపిరి బిగబట్టి దాటాను. మోకాలి లోతు అని రాశాను, మడమ మునగలేదు. అది మురుగు కాదు, మట్టి. ఆ చివర రాతితొట్లలో నలుగురు ఆడవాళ్ళు అల్లం కొమ్ములు వేసి కాళ్ళతో తొక్కి కడుగుతున్నారు. పొలాల నుంచి తవ్వుకొచ్చిన అల్లానికి అంటుకున్న మా ఎర్రనేలే ఆ నీళ్ళు. నా ముక్కుపుటాలు పగలగొట్టిన దుర్గంధం అల్లం పొట్టుది. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాణ్ణి, రోజూ అల్లం టీ తాగేవాణ్ణి, ఆ వాసన గుర్తుపట్టలేకపోయాను. పేదల వాడలో ఉంది గనక అది దుర్గంధమే అయ్యుండాలని ముందే నిర్ణయించుకుని చూశాను మరి. అల్లం కడగడానికి వ్యాపారులు ట్యాంకర్లో నీళ్ళు పంపుతున్నారు, ఆడవాళ్ళు వాటితోనే పని కానిస్తున్నారు. ఆ తుప్పుపట్టిన ట్యాంకర్ నీళ్ళు తాగడానికి పనికిరావు.

రత్నమ్మ ఇల్లు అడిగి పోయాను. అలికిన వాకిలి, బోర్లించిన బిందెలు, తలుపు మీద సున్నంతో గీసిన సిలువ. లోపల చాప మీద ఆమె మనుమరాలు కమల పడుకుని ఉంది. కళ్ళు లోతుకు పోయాయి. పెదాలు ఎండి తెల్లబడ్డాయి.

"పొద్దుగాల నుంచి వాంతులు, బయటికి పోవుడు" అంది రత్నమ్మ. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూలబడింది. "నువ్వు రాసినట్టే అయ్యింది సారూ."

ఆ మాట ఆమె నిందగా అనలేదు. నాకు ముందే ఏదో తెలిసి రాశాననుకుంది, శకునం చెప్పేవాడిలాగా.

రిక్షా కోసం రోడ్డు మీదికి పరుగెత్తాను. ఇద్దరు రిక్షావాళ్ళు వాడ పేరు వినగానే రామన్నారు. ఒకడైతే, "గాడ కలరా ఉన్నదంట, పేపర్ల వచ్చింది" అని నాకే చెప్పాడు. చివరికి రత్నమ్మను నా సైకిల్ వెనక క్యారేజీ మీద కూర్చోబెట్టి, పిల్లను ఆమె ఒళ్ళో పెట్టి, దవాఖానకు తొక్కాను. దారిలో పిల్ల వాంతి చేసుకుంది, నా చొక్కా వీపు తడిసింది. మనసులో ఏమనుకున్నానో దాచను. ఈ పిల్ల బతకాలి అనుకున్నాను, ఆ వెంటనే లత గుర్తొచ్చింది, ఇంటికి ఈ చొక్కాతో పోవద్దు అనుకున్నాను.

దవాఖానలో డాక్టరమ్మ సెలైన్ పెట్టి, నన్ను వరండాలోకి పిలిచింది.

"ఆ వాడ నుంచి పొద్దుటి నుంచి ఇది నాలుగోది. ఏ నీళ్ళు తాగుతున్నారు?"

గుంత నీళ్ళని, రోజూ తాగే బావికి తాళం పడిందని చెప్పాను.

"ఎప్పటి నుంచి?"

"బుధవారం నుంచి."

"అంతకు ముందు నెలలో ఆ వాడ నుంచి నా దగ్గరికి ఇలాంటి కేసు ఒక్కటీ రాలేదు" అందామె. "ఇది కలరానో కాదో పరీక్షలో తేలుతుంది. అది ఏదైనా ఆ గుంతలోంచే వచ్చింది. పాత బావి తెరిపించండి. నేను వచ్చి బ్లీచింగ్ వేయిస్తాను. తెరవకపోతే నాకు మంచాలు చాలవు."

నేను రాసిన రోజున లేని రోగం, నేను రాసినందుకు వచ్చింది. ఈ ముక్క నాకు అక్కడ, ఆ వరండాలో, సెలైన్ సీసాలు మోసుకుపోతున్న నర్సులకు అడ్డంగా నిలబడి అర్థమైంది.

నేరుగా శివరాజ్ పటేల్ ఇంటికి పోయాను. ఆయన చెడ్డవాడు కాదు. ప్రతి ఎండాకాలం ఆ వాడకు నీళ్ళిచ్చినవాడే. అయితే ఆ వాడ బిందెలు ఆ బావిలో పడటం గిట్టనివాళ్ళు ఊళ్ళో ఎప్పటి నుంచో ఉన్నారు. నా వార్త వాళ్ళ నోటికి ఒక మర్యాదైన కారణం అందించింది.

"పటేలా, బాయి తాళం తియ్యాలె. పిల్లలు గుంత నీళ్ళు తాగి దవాఖానల పడ్డరు."

"నువ్వే రాస్తివి గద, రోగాల పుట్ట అని."

"తప్పు రాసిన. నేను లోపలికి పోనేలేదు."

"ఇప్పుడు నోటితోని చెప్తున్నవ్. అది అచ్చుల వచ్చింది, ఊరంత విన్నది" అన్నాడు. "మా మనుమడు రెండు కాన్పులు పోయినంక పుట్టిండు. ఆ బాయి నీళ్ళే మా ఇంట్ల తాగుతం. నీ నోటి మాట పట్టుకొని వాని పానం మీదికి తెచ్చుకోవాల్నా? మల్ల నువ్వే అంటున్నవ్, దవాఖానల పడ్డరని. నువ్వు రాసింది నిజమేనాయె."

నా వార్త విని భయపడ్డ మనిషిని భయపడకు అని చెప్పే హక్కు నాకే లేకుండా పోయింది.

అచ్చులో వచ్చిన తప్పును అచ్చే దిద్దాలి. పోస్టాఫీసుకు పోయి డెస్కుకు ట్రంకాల్ బుక్ చేశాను. గంటన్నరకు లైను కలిసింది. మాట్లాడిన సబ్‌ఎడిటర్ గొంతు హుషారుగా ఉంది.

"ఏమయ్యా జహీరాబాదూ, బాగా రాశావు. చెప్పు, ఏమిటి విశేషం?"

వార్త తప్పని, అక్కడున్నది అల్లం కడిగిన నీళ్ళని, బావికి తాళం పడటంతో గుంత నీళ్ళు తాగి నలుగురికి వాంతులు అవుతున్నాయని, రేపటి పేపర్లో సవరణ వెయ్యాలని గబగబా చెప్పాను. సవరణ అంటే పత్రిక తన తప్పు తాను ఒప్పుకుని వేసే నాలుగు లైన్లు.

"ఉండుండు. నలుగురికి రోగం వచ్చిందా?"

"వచ్చింది సార్, కానీ..."

"వస్తే ఇంకా సవరణేమిటయ్యా? మనం చెప్పిందే జరిగింది కదా!"

లైను కటయింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుంది ఆ జవాబు. అయినా నేను చెప్పింది ఎక్కడో ఒకచోట ఎక్కి ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను.

ఆ సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ తలుపేసుకుని తెలుగు మిషన్ మీద స్టెన్సిల్ కొట్టాను. స్టెన్సిల్ అంటే మైనపు కాగితం. దాని మీద అక్షరాలు గుచ్చి, సిరా రోలరు తిప్పితే వంద కాపీలు వస్తాయి. పరీక్ష పేపర్ల కోసం పెట్టుకున్న సరంజామా అది. నోటుపుస్తకం తెరవలేదు. రాసిందిది:

"పోయిన బుధవారం వార్త రాసింది నేనే. వాడ లోపలికి పోకుండా కల్వర్టు మీద నిలబడి రాశాను. దారిలో ఉన్న ఎర్రనీళ్ళు అల్లం కడిగిన నీళ్ళు. ఆ రోజు అక్కడ ఒక్కరికీ రోగం లేదు. నా వార్త విని బావికి తాళం వేశారు. తాళం పడ్డాక గుంత నీళ్ళు తాగినందుకు నలుగురు దవాఖానలో ఉన్నారు. బావి తెరవమని డాక్టరమ్మ చెప్పింది. తప్పు నాది."

కింద నా పేరు, పత్రిక పేరు పెట్టాను. పత్రిక అనుమతి లేకుండా దాని పేరుతో కరపత్రం వేస్తే కార్డు పోతుందని తెలుసు. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఒకవేళ ఆ బావి నీళ్ళలోనే ఏదైనా ఉంటే? ఒకసారి చూడకుండా రాసి నలుగుర్ని పడుకోబెట్టాను. ఇప్పుడు రాసేది తప్పయితే?

మంగళవారం పొద్దున హోటల్లో నర్సింలు మామకు కరపత్రం ఇచ్చి చదవమన్నాను. ఆయన ఒక చేత్తో అది పట్టుకుని, రెండో చేత్తో ఆ రోజు పేపరు నా ముందు పెట్టాడు.

"ఇదేంది మరి?"

మొదటి పేజీలో బాక్సు. 'మేం చెప్పిందే జరిగింది'. వార్త మొదట్లో జహీరాబాద్ అని ఊరి పేరు, నా పేరు. నరకకూపంలో కలరా కోరలు, నలుగురు ఆసుపత్రి పాలు, ముందే హెచ్చరించిన మన పత్రిక. సవరణ కోసం నేను చేసిన ఫోనునే వార్త చేసి వేశారు. తాళం లేదు, గుంత లేదు, అల్లం లేదు.

నర్సింలు మామ రెండూ చదివాడు, అదే గొంతుతో, ఒక్కదానికీ ఎక్కువతక్కువ చెయ్యకుండా. శివరాజ్ పటేల్ లేచి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"రెండింటికీ నీ పేరే ఉన్నది. ఏది నిజం?"

"చిట్టీల ఉన్నది నిజం పటేలా."

"సరే. నీకు బిడ్డ ఉన్నది గద?"

ఉందన్నాను. ఆయన ఏమనబోతున్నాడో నాకప్పటికే అర్థమైంది.

"బాయి తీస్త. ఆ వాడోల్ల బిందెతోని ముంచిన నీళ్ళు ముందు నీ ఇంటికి పోవాలె. మూడు దినాలు నీ బిడ్డ అవే తాగాలె. రాసినోని ఇంట్ల ఏంగాకుంటె మా ఇంట్లనూ ఏంగాదు."

అది అన్యాయమని నేననలేను. అందరూ నన్నే చూస్తున్నారు. సరే అన్నాను.

తొమ్మిదికి డాక్టరమ్మ వచ్చి బ్లీచింగ్ పౌడర్ వేయించింది. కొన్ని గంటలు ఆగమంది. మధ్యాహ్నం పటేల్ కంప తీయించి, తాళం తీశాడు. రత్నమ్మ దవాఖానలో పిల్ల దగ్గరుంది. ఆమె బిందె తెప్పించి, దాన్నే బావిలో ముంచి మొదటి నీళ్ళు తోడారు. పటేల్ మనిషి ఒకడు నా వెంట ఇంటిదాకా వచ్చాడు.

మా ఆవిడ విజయ సంగతంతా వింది. "కాచి తాగించొచ్చా?" అని అడిగింది. పటేల్ మనిషి అడ్డంగా తలూపాడు. ఆమె లతకు గ్లాసు అందించి మొహం పక్కకు తిప్పుకుంది. అది గటగటా తాగేసి ఇంకా కావాలంది.

ఆ మూడు రోజులు నేను టైపు నేర్పలేదు, వార్త రాయలేదు. పిల్ల దగ్గినా, నిద్రలో కదిలినా, అన్నం వద్దన్నా దాని దగ్గరికి పరుగెత్తేవాణ్ణి. దాని నుదురు ఎన్నిసార్లు తాకానో, "దాన్ని జర వదిలిపెట్టున్రి" అని విజయ కసిరింది. రెండో రోజు మధ్యాహ్నం లత మామూలు కంటే ఎక్కువసేపు పడుకుంటే లేపి కూర్చోబెట్టి ఏడిపించాను, ఏడుపు విని కుదుటపడ్డాను. ఒక్క పిల్ల కోసం ఇంత పడ్డాను. బుధవారం నుంచి నలభై ఇళ్ళలో ప్రతి తల్లీ ఇదే పడిందని అప్పుడు తెలిసింది. వాళ్ళకు దీన్ని పంచింది నేను. కల్వర్టు గోడ మీద, పది నిమిషాల్లో.

లతకు ఏమీ కాలేదు. పటేల్ ఇంట్లోనూ ఏమీ కాలేదు. దవాఖానలో నలుగురూ లేచారు. నా అదృష్టం తప్ప అందులో నా గొప్ప ఏమీ లేదు. పరీక్షలో కలరా కాదని తేలింది, ఆ సంగతి ఏ పత్రికా రాయలేదు. పది రోజులకు కార్డు తిప్పి పంపమని ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, పంపేశాను. రెండేళ్ళ తర్వాత వేరే పత్రికలో చేరి, అక్కడా ముఖాలు కనబడని అలాంటి డెస్కులోనే పాతికేళ్ళు కూర్చున్నాను.

అక్కడ నా బల్ల మీదికి నరకకూపాలూ రోగాల పుట్టలూ వందలకొద్దీ వచ్చాయి. రాసిన కుర్రాళ్ళు చెడ్డవాళ్ళు కారు. చాలామందికి నిజంగానే జాలి ఉంది. నేను వాళ్ళను ఫోనులో అడిగేవాణ్ణి: నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకుంటారు? పాయఖానా ఎంత దూరం? నువ్వు మాట్లాడిన మనిషి పేరేమిటి? జవాబు రాకపోతే అది కల్వర్టు మీది వార్త అని తెలిసిపోయేది, పక్కన పెట్టేవాణ్ణి. మురికిని రాయొద్దని కాదు. ఆ గుంత నీళ్ళు పచ్చగా ఉన్నాయి, వాటి గురించి రాయాల్సిందే. కాని పచ్చగా ఉన్నాయి అని రాస్తే గుంత మీద కోపం వస్తుంది, రోగాల పుట్ట అని రాస్తే అక్కడ బతికే మనుషులంటే భయం పుడుతుంది. ఈ తేడా నాకు ఏ సంపాదకుడూ చెప్పలేదు.

చెప్పింది రత్నమ్మ. గురువారం దవాఖాన నుంచి కమలను తీసుకుపోయే రోజు నేను పోయాను. పిల్ల నానమ్మ కొంగు పట్టుకుని తనంతట తానే నిలబడి ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. తప్పు దిద్దుకోవాలన్న ఆత్రంలో అన్నాను:

"రత్నమ్మా, మీ వాడ ఎంత శుభ్రంగ ఉంటదో, మీరెంత కష్టపడతరో నేను మల్ల రాస్త. ఇంకో పేపర్లనైన రాస్త. ఈసారి మంచిగ రాస్త."

ఆమె చేతిలోని సంచి కింద పెట్టి, నాకు రెండు చేతులూ జోడించింది. కృతజ్ఞత అనుకున్నాను.

"వద్దు సారూ, నీ కాల్మొక్త" అంది. "మా గురించి ఏం రాయకు. మంచిగ గూడ రాయకు."

పిల్లను దగ్గరికి లాక్కుని, నేను నిలబడ్డ వైపు కాకుండా రెండో గేటు వైపు నడిచింది. దూరమైనా సరే అటే పోయింది. ఇన్నేళ్ళ తర్వాత ఇది రాస్తున్నాను గానీ, ఆ వాడ పేరు మాత్రం రాయలేదు.